ఆటలో దాగిన శాస్త్రం

ద్రోణాచార్యుడు హస్తినాపురంలో గురువుగా నిలిచింది ఉపన్యాసం వల్ల కాదు. ఆడుకుంటున్న రాకుమారుల బంతి బావిలో పడింది. దిక్కుతోచక నిలుచున్న ఆ పిల్లల కళ్ళెదుటే ఆయన బాణం వెంట బాణం నాటి, వాటిని గొలుసుగా కూర్చి, బంతిని పైకి తీశాడు. నన్నయ భారతంలోని ఆదిపర్వం చదివినవారికి ఈ ఘట్టం సుపరిచితమే. ఆ విద్యను తామూ నేర్వాలనే కోరిక రాకుమారులలో కలిగింది అప్పుడే. పిల్లల ఆటనుంచే సమస్యను తీసుకొని వారి ఎదుటనే చేసి చూపడం బోధనలో అతి ప్రాచీనమైన మార్గం.

నేటి పాఠశాలల్లో ఆటల పీరియడు వేరు, భౌతికశాస్త్రం పీరియడు వేరు. గురుత్వకేంద్రం నిర్వచనాన్ని తడబడకుండా అప్పగించే విద్యార్థి, కబడ్డీలో కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము వంచి నిలబడేది ఎందుకని అడిగితే తెల్లబోతాడు. పరీక్షలు సమీపించగానే మొదట కోతపడేది ఆటల పీరియడే కాబట్టి, ఆ రెండింటినీ కలిపే అవకాశమూ దానితోనే పోతుంది.

ఈ గోడను తొలగించే ప్రయత్నాలు జరగకపోలేదు. అమెరికాలో కొంతకాలం బడిపంతులుగా కూడా పనిచేసిన భౌతికశాస్త్రవేత్త ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 'ఎక్స్‌ప్లొరేటోరియం' అనే ప్రదర్శనశాలను నెలకొల్పాడు. అక్కడి వస్తువులు అద్దాల వెనుక ఉండవు. పిల్లలు వాటిని తాకి, తిప్పి, ఆడించి చూడవచ్చు. క్రీడల విజ్ఞానాన్ని సైతం ఆ సంస్థ ఈ పద్ధతిలోనే అందించింది. అంతటి ప్రదర్శనశాల మన ఊళ్ళో లేదని చింతించనక్కరలేదు. తరగతి గదిలోని స్కేలు చాలు.

ముందుగా ఒక చిన్న వినోదం. ఉపాధ్యాయుడు వంద రూపాయల నోటును నిలువుగా పట్టుకోవాలి. విద్యార్థి దాని నడిమి భాగం వద్ద బొటనవేలిని, చూపుడువేలిని తాకీ తాకనట్లు ఉంచాలి. "పట్టుకుంటే నీదే" అని చెప్పి నోటును వదలాలి. నోరు విప్పకుండా, చేయి కదపకుండా వదిలితే ఉపాధ్యాయునికి నష్టం వాటిల్లే ప్రమాదం చాలా తక్కువ. సగం నోటు జారిపోవడానికి పట్టే కాలం సుమారు 0.12 సెకను మాత్రమే. కంటికి కనిపించిన సంగతి మెదడుకు చేరి, మెదడు ఆజ్ఞ వేళ్ళకు అందడానికి అంతకంటె ఎక్కువ సమయం కావాలి.

ఇప్పుడు నోటుకు బదులు 30 సెంటీమీటర్ల స్కేలును వదలాలి. 20 సెంటీమీటర్ల వద్ద పట్టుకున్నవాని ప్రతిస్పందన కాలం ఇంచుమించు 0.2 సెకను. అయిదుసార్లు చేయించి సగటు తీయించాలి. ఆ తరువాత, పదమూడో ఎక్కం చదువుతూ పట్టుకోమనాలి. చాలామంది చేతుల్లో స్కేలు మరికొంత కిందికి జారుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతి బ్యాట్స్‌మన్‌ను చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. అందులో ఎంత భాగం చూపుకే ఖర్చవుతుందో విద్యార్థులే లెక్కకడతారు. బంతి చేయి విడవకముందే బౌలరు మణికట్టును బ్యాట్స్‌మన్ ఎందుకు గమనిస్తాడో కూడా వారికే తోస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారుసైకిలు ఆ 0.2 సెకనులోనే మూడు మీటర్లు దాటిపోతుందన్న లెక్కను కూడా అదే పలకపై వేయించడం మంచిది. సెల్‌ఫోనులో మాట్లాడుతూ బండి నడపరాదని వందసార్లు చెప్పడంకంటె, జారిన ఆ స్కేలే వారిని ఎక్కువగా ఆలోచింపజేస్తుంది.

మరొక ప్రదర్శనకు ఒక పచ్చి గుడ్డు, ఒక దుప్పటి కావాలి. ఇద్దరు విద్యార్థులు దుప్పటిని వదులుగా నిలువున పట్టుకొని, కింది అంచును దోసిలిలా మడవాలి. మూడోవాడు గుడ్డును బలంగా దానిమీదికి విసరాలి. విసరడానికి ముందే ఒక్కొక్కరిని అడగాలి: పగులుతుందా, పగలదా? ఎందుకు? ఈ వాదనను తొందరపడి ముగించరాదు, ఎందుకంటే పాఠమంతా ఇందులోనే ఉన్నది. గుడ్డు పగలదు. దుప్పటి వెనక్కు తగ్గుతూ దానిని మెల్లగా ఆపుతుంది. ఆగే కాలం పెరిగినకొద్దీ దెబ్బ తీవ్రత తగ్గుతుంది. క్యాచ్ పట్టే ఆటగాడు చేతులను వెనక్కు లాక్కునేది, పైనుంచి దూకేవాడు మోకాళ్ళు వంచేది ఇందుకే. ఇసుక గుంట లేని ఆటస్థలాలు మనకు కొదువ లేదు. గట్టినేల మీద మోకాళ్ళు బిగించి దూకే పిల్లవానికి ఈ సంగతి తెలియడం మార్కులకంటె ముఖ్యం.

గురుత్వకేంద్రాన్ని గురించి చెప్పడానికి గోడ ఒక్కటే చాలు. వీపు, మడమలు గోడకు ఆనించి నిలబడి, మోకాళ్ళు వంచకుండా ఎదుట ఉన్న నాణెం తీయమంటే ఎంతటి బలశాలి అయినా ముందుకు తూలుతాడు. వంగినప్పుడు నడుము వెనక్కు జరగడానికి గోడ అడ్డు.

బరువులెత్తడంలో కూడా ఇదే సూక్ష్మం ఉన్నది. శ్రీకాకుళం జిల్లాలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. ఆ పోటీలో ఆమె రెండు విభాగాల్లో కలిపి ఎత్తిన బరువు 240 కిలోలు. బరువుల కడ్డీని ఒంటికి దగ్గరగా పైకి తేవడం ఆ విద్యలో మొదటి పాఠం. నీళ్ళ బిందెను ముందుగా పొట్టకు ఆనించుకొని, తరువాత చేతులు బారచాచి పట్టుకొని చూస్తే కారణం తెలుస్తుంది. బిందె అదే, నీళ్ళూ అవే, మారినది దూరం. చంకన బిందెతో, ఒంటిని రెండోవైపునకు వాల్చి నడిచే తల్లుల నడకను చిత్రించమంటే పిల్లలు ఈ పాఠాన్ని ఇంటివద్ద కొనసాగిస్తారు. తరగతిలో మాత్రం ఈ బిందెను ఆడపిల్లల చేత కూడా ఎత్తించాలి. మగపిల్లలు చేస్తుండగా వారు వరుసలో కూర్చొని ఫలితాలు రాసుకునే ఆనవాయితీ చాలాచోట్ల ఇంకా పోలేదు.