ఫ్రిజ్ వెనకవైపు

ఎండాకాలం. ఒంగోలు దగ్గర ఒక పల్లె. ఆ ఇంటికి ఫ్రిజ్ వచ్చింది.

కొత్తది కాదు. ఎవరో వాడి అమ్మేసింది. కోడలు పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కొన్నది. అత్తకు షుగరు జబ్బు. ఇన్సులిన్ మందు చల్లగా ఉండాలని డాక్టరు చెప్పాడు. ఆ మందు కోసమే కొన్నారు.

ఫ్రిజ్‌ను వంటింటి మూలకు నెట్టారు. గోడకు ఆనించారు. పక్కనే గ్యాసు పొయ్యి. ఫ్రిజ్ వైరుకు మూడు కాళ్ల ప్లగ్గు ఉంది. గోడకేమో రెండు బొక్కల సాకెట్టే ఉంది. మోసుకొచ్చిన వాళ్లు ఏం చేశారు? ప్లగ్గు కోసేశారు. రెండు వైర్లు బొక్కల్లో దూర్చారు. ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. లోపల లైటు వెలిగింది. అందరూ సంతోషించారు.

మూడో రోజు కోడలు గిన్నెలు తోముతూ లేచి వచ్చింది. తడిచేత్తో ఫ్రిజ్ తలుపు తీసింది. చెయ్యి జివ్వుమంది.

"అత్తా, పట్టుకుంటే జివ్వుమంటోంది."

"కరెంటు సామాను గదా, అట్లాగే ఉంటదిలే. చెప్పులేసుకుని తియ్యి."

ఈ మాట చాలా ఇళ్లల్లో వింటాం. చెప్పులేసుకుంటే మన చెయ్యి జివ్వుమనకపోవచ్చు. కానీ కరెంటు ఎక్కడికీ పోదు. ఫ్రిజ్ రేకులోనే ఉంటుంది. ఆ ఇంట్లో ఐదేళ్ల మనవడున్నాడు. వాడు చెప్పులేసుకోడు. మడుగులో ఆడి, తడికాళ్లతో వచ్చి, చల్లనీళ్ల సీసా కోసం తలుపు పట్టుకుంటాడు. అప్పుడేమవుతుంది?

కోడలికి ఆ ఆలోచనే వచ్చింది. వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడిది కరెంటు పని. "అక్కా, దాన్ని ముట్టుకోవద్దు. ప్లగ్గు కూడా పీకొద్దు. ముందు మెయిన్ స్విచ్చి ఆపు. నేనొస్తున్నా" అన్నాడు.

తమ్ముడు వచ్చాడు. అగ్గిపుల్లలు చూశాడు. తల కొట్టుకున్నాడు.

"అక్కా, మూడో కాలు ఎందుకుంటదో తెలుసా?"

"తెలీదురా."

"మూడో కాలు లావుగా, పొడుగ్గా ఉంటది. అది ఎర్త్. ఎర్త్ అంటే భూమి. ఫ్రిజ్ రేకు నుంచి ఒక వైరు ఆ కాలి గుండా నేలలోకి పోతది. లోపల ఎక్కడన్నా వైరు తొక్క ఊడి రేకుకు తగిలిందనుకో. కరెంటు ఆ దారినే భూమిలోకి పోతది. ఫ్యూజు కొట్టేస్తది. ఆ దారి లేదనుకో. ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతది."

ఆ ఇంటికి ఎర్త్ లేనే లేదు. తమ్ముడు ఇంటి వెనక గుంట తవ్వించాడు. ఇనప గొట్టం పాతాడు. చుట్టూ బొగ్గులూ, ఉప్పూ పోశాడు. అక్కడి నుంచి వైరు లాగి, మూడు బొక్కల సాకెట్టు పెట్టాడు. తొక్క ఊడిన వైరు మార్చాడు. కరెంటు కారితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చి కూడా బిగించాడు. దాన్ని ఆర్.సి.సి.బి. అంటారు. దానిమీద ఒక మీట ఉంటుంది. నెలకోసారి ఆ మీట నొక్కి చూడాలి. నొక్కగానే కరెంటు ఆగితే స్విచ్చి బాగున్నట్టు.

"ఎండాకాలంలో ఆ గుంటలో రెండు బిందెల నీళ్లు పోస్తుండక్కా. నేల ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పని చెయ్యదు" అన్నాడు తమ్ముడు.

దీనికంతా డబ్బు ఖర్చయింది. అత్త గొణిగింది. కానీ ఫ్రిజ్ కొనేటప్పుడే ఈ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి. ఎర్త్ లేని ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకోవడం కంటే కుండలో నీళ్లు తాగడం మేలు.

ఇంకొక్క మాట. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే వాళ్లను మనం పట్టుకోకూడదు. మనల్నీ పట్టుకుంటుంది. ముందు మెయిన్ ఆపాలి. మెయిన్ దూరంగా ఉంటే, పొడి నేలమీద నిలబడి, ఎండు కర్రతో వాళ్లను నెట్టాలి.

పని అయ్యాక తమ్ముడు ఫ్రిజ్‌ను ముందుకు లాగాడు. "ఇట్లా రా అక్కా. దీని వెనకవైపు ఎప్పుడన్నా చూశావా?"

చూడలేదు. ఎవరు చూస్తారు?

వెనక నల్లటి గొట్టాలున్నాయి. వాటి నిండా దుమ్ము, బూజు. కింద నల్లటి కుండ లాంటి మోటారు ఉంది.

"ఫ్రిజ్ చలిని పుట్టించదక్కా. లోపలున్న వేడిని తీసి బయట పారేస్తది. నీకు చెమట పట్టినప్పుడు గాలి తగిలితే చల్లగా ఉంటది గదా. చెమట ఆవిరవుతా ఒంటి వేడిని పట్టుకుపోతది. ఇదీ అంతే. గొట్టాల్లో ఉన్నది ఆవిరవుతా లోపలి వేడిని తీసుకుంటది. మోటారు దాన్ని నొక్కి వెనక్కి తోస్తది. ఈ గొట్టాల దగ్గర వేడి బయటికి పోతది."

అందుకే వెనక గొట్టాలు వెచ్చగా ఉంటాయి. కొన్ని ఫ్రిజ్‌లకు గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి. వాటికి పక్కలు వెచ్చబడతాయి. భయపడే పని లేదు. కానీ గోడకు ఆనిస్తే వేడి పోయే దారి ఉండదు. మోటారు ఆగకుండా తిరుగుతుంది. బిల్లు పెరుగుతుంది. గోడకూ ఫ్రిజ్‌కూ నడుమ నాలుగు అంగుళాల జాగా వదలాలి. పొయ్యి పక్కనా, ఎండ పడే చోటా పెట్టకూడదు. రెండు మూడు నెలలకోసారి ప్లగ్గు తీసి, మెత్తటి చీపురుతో వెనక దుమ్ము దులపాలి.

వెనక ఒక చీటీ అంటించి ఉంది. కోడలికి ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. వేలు పెట్టి చదివింది. "230."

"అది వోల్టులు. అన్ని వోల్టుల కరెంటు రావాలి. మీ ఊళ్లో సాయంత్రం లైట్లు మినుకుమినుకు మంటాయి చూడు, అప్పుడు అంత రాదు. మోటారు తిరగలేక మూలుగుద్ది. వేడెక్కి కాలిపోద్ది. స్టెబిలైజరు పెట్టుకోవాలి."

"ఇక్కడ 600 అని ఉంది."

"అది లోపలి గ్యాసు పేరు. ఆర్ 600ఎ. మన వంట గ్యాసుకు చుట్టం. ఉండేది కొంచెమే. కానీ అంటుకుంటది. అందుకే గడ్డకట్టిన మంచును కత్తితో గోకొద్దు. గొట్టానికి చిల్లి పడితే గ్యాసంతా పోద్ది. ఫ్రిజ్ పనికిరాదు. దగ్గర్లో మంట ఉంటే ప్రమాదం కూడా."

మంచు పావంగుళం మందం కట్టిందంటే కరిగించాలి. ఫ్రిజ్ ఆపి, తలుపు తెరిచి, లోపల గోరువెచ్చని నీళ్ల గిన్నె పెడితే చాలు. అదే కరుగుతుంది.

మోటారు పైన ఒక ప్లాస్టిక్ తట్ట ఉంది. కరిగిన మంచు నీళ్లు అందులోకి వస్తాయి. కోడలు వంగి చూసింది. నీళ్లలో సన్నటి పురుగులు తోకలాడిస్తున్నాయి.

"అయ్యో, ఇవేందిరా?"

"దోమ పిల్లలు."

ఆ వీధిలో పోయిన వానాకాలం ఇద్దరికి డెంగీ వచ్చింది. అందరూ మురిక్కాలవను తిట్టారు. కానీ డెంగీ దోమ మురుగులో పెట్టదు గుడ్లు. ఇంట్లో, ఇంటి చుట్టూ నిలిచిన నీళ్లలో పెడుతుంది. పూలకుండీ కింది పళ్లెం, కూలరు, పాత టైరు, ఫ్రిజ్ వెనక తట్ట, అన్నీ దానికి ఇష్టమే. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి ఆ నీళ్లు పారబోసి, తట్టను రుద్ది కడగాలి. ఆరోగ్య కార్యకర్తలు శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే. వాళ్లు తొట్టి చూస్తారు, డ్రమ్ము చూస్తారు. ఫ్రిజ్ వెనక్కి మనమే చూసుకోవాలి.

తరవాత తలుపు తీశారు. ఇన్సులిన్ సీసా పైన మంచుపెట్టెలో ఉంది. గడ్డకట్టి ఉంది.

"చల్లగా ఉండాలన్నారని అక్కడ పెట్టా" అంది అత్త.

పాపం, ఆమె తప్పేముంది? ఎంత చల్లగా అని ఎవరూ చెప్పలేదు. మందు పెట్టెమీద రాసి ఉంది. 2 నుంచి 8 డిగ్రీలు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పని చెయ్యదు. సూది పొడుచుకుంటాం. షుగరు తగ్గదు. ఎందుకు తగ్గలేదో తెలియదు. ఆ సీసా పారేసి కొత్తది తెచ్చుకోవాలి. ఇన్సులిన్‌ను నడిమి అరలో పెట్టాలి. మంచుపెట్టెకూ, వెనక గోడకూ తగలకూడదు.

లోపల ఒక తిప్పుడు బిళ్ల ఉంది. దానిమీద 1 నుంచి 7 దాకా అంకెలున్నాయి. అవి డిగ్రీలు కావు. అంకె పెరిగే కొద్దీ చల్లదనం పెరుగుతుంది. ముందు నడిమి అంకె మీద పెట్టి చూడాలి. మందుల కొట్లో అడిగి, ఫ్రిజ్‌లో పెట్టే థర్మామీటరు ఒకటి తెచ్చుకుంటే మంచిది. నీళ్ల గ్లాసులో వేసి నడిమి అరలో ఉంచాలి. అందులో 2కూ 5కూ మధ్య ఉంటే మందుకూ మంచిది, కూరకూ మంచిది.

కూర అంటే గుర్తొచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టినది పాడవదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. దోసెల పిండినే చూడండి. బయట పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పొంగదు. తీసి బయట పెడితే మళ్లీ పొంగుతుంది. అంటే పిండిలో ఉన్న సూక్ష్మజీవులు చావలేదు. మందగించాయి, అంతే. జబ్బు చేసే సూక్ష్మజీవులూ అలాంటివే. వాసన చూసి వాటిని పట్టలేం.

పొద్దున వండిన కూరను సాయంత్రం దాకా బయట ఉంచి, అప్పుడు ఫ్రిజ్‌లో పెడితే లాభం లేదు. పొగలు తగ్గాక, రెండు గంటల లోపే పెట్టాలి. పెద్ద గిన్నె అయితే చిన్న గిన్నెల్లోకి తియ్యాలి. మూత పెట్టాలి. పచ్చి మాంసం, చేపలు అన్నిటికన్నా కింద ఉంచాలి. వాటి నీళ్లు వండినవాటి మీద కారకూడదు. అన్నం మర్నాటికి మించి ఉంచొద్దు. కూర రెండు మూడు రోజులు. చేపల పులుసు మర్నాటికే రుచి, కాదనను. కానీ కుతకుత ఉడికేలా కాచి తినండి. తినేంతే తీసి కాచండి. మిగిలిందాన్ని మళ్లీ మళ్లీ పెట్టొద్దు.

కరెంటు పోతే తలుపు తియ్యకూడదు. తియ్యకపోతే సుమారు 4 గంటలు చల్లదనం నిలుస్తుంది. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి ఫ్రిజ్ వెయ్యాలి. వెంటనే వేస్తే మోటారు మీద భారం పడుతుంది.

తలుపు చుట్టూ రబ్బరు ఉంటుంది. ఒక కాగితం నడుమ పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా ఊడి వస్తే రబ్బరు వదులైనట్టు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో రబ్బరునూ, అరలనూ తుడవాలి. తుడిచేముందు స్విచ్చి ఆపి, పొడిచేత్తో ప్లగ్గు తియ్యాలి.

సాయంత్రం కోడలు ఒక కాగితం తీసుకుంది. "శుక్రవారం. తట్ట నీళ్లు" అని పెద్ద అక్షరాలతో రాసింది. కింద "2 – 8" అని రాసి, అత్త చేత చదివించింది. ఫ్రిజ్ తలుపుకు అంటించింది. చెయ్యి జివ్వుమనలేదు.

చూసి రాయండి

మీ ఇంటి ఫ్రిజ్ ప్లగ్గుకు ఎన్ని కాళ్లున్నాయి? గోడకు ఎన్ని అంగుళాల దూరంలో ఉంది? వెనక తట్టలో ఏముంది? మీ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పక్కింటి వాళ్లను అడిగి, వాళ్లతో కలిసి చూడండి.