సూట్‌కేసు కొనేముందు ఇంట్లో చూసుకోవాల్సినవి

ఆగస్టులో అమెరికాలో ఎంఎస్ మొదలవుతుందంటే జూన్ నుంచే మన ఇళ్లలో హడావుడి. ఆవకాయ ఎంత పెట్టాలి, కందిపొడి ఎంత కొట్టించాలి అన్నదాని మీదే ధ్యాసంతా. పచ్చడి అక్కడి ఇండియన్ స్టోర్‌లోనూ దొరుకుతుంది. పేరులో తేడా, పుచ్చిన పన్ను, అప్పు లెక్క మాత్రం ఇక్కడే చక్కబెట్టుకోవాలి. అందుకే వాటిని ముందు చెబుతున్నాను.

1. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందేమో చూడండి. మన పదో తరగతి మెమోల్లో ఇంటిపేరు చాలామందికి ఒక్క పొడి అక్షరమే. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి ఇంటిపేరు లేకపోతే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సినచోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అక్కడి డ్రైవింగ్ లైసెన్సులోనూ, బ్యాంకు ఖాతాలోనూ అదే వెంటాడవచ్చు. యూనివర్సిటీ నుంచి ఐ-20 తెప్పించుకోకముందే పాస్‌పోర్టు సరిచేయించండి.

2. పళ్ల డాక్టరుకీ కళ్ల డాక్టరుకీ ఒకసారి చూపించండి. విద్యార్థులకిచ్చే ఇన్సూరెన్సులో చాలావరకు ఈ రెండూ ఉండవు. జ్ఞానదంతం నొప్పి పెడుతూ ఉంటే ఇక్కడే తీయించండి. కళ్లద్దాలు రెండు జతలు ఉండాలి.

3. టీకాల కార్డు వెతికి పెట్టుకోండి. చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతాయి. వాటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి ఆఖరి వారంలో కుదరదు. టీబీ పరీక్ష అడిగితే రక్తపరీక్షే చేయించడం మంచిది. బీసీజీ టీకా వేయించుకున్నవాళ్లకి చర్మపరీక్షలో టీబీ లేకపోయినా ఉన్నట్టు చూపించవచ్చు.

4. అప్పు లెక్క పిల్లల ముందు పెట్టండి. ‘నువ్వు చదువుకో, మిగతావి మేం చూసుకుంటాం’ అని ప్రేమతోనే అంటాం. కానీ ఇంట్లో ఇబ్బంది పిల్లలకు తెలియకుండా ఉండదు. అంకె తెలియకపోవడం వల్ల వాళ్ల భయం ఇంకా పెరుగుతుంది. ఒక ఆదివారం అందరూ కూర్చుని మంజూరైన లోను, ఫీజు, గది అద్దె, తిండి, ఇన్సూరెన్సు కాగితం మీద రాయండి. చదివే కాలంలో వాయిదాలు కట్టనక్కర్లేకపోయినా, ఇచ్చిన సొమ్ము మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. దాన్ని నెలనెలా ఎవరు కడతారో అప్పుడే తేల్చుకోండి.

ఆ లెక్కలో పార్ట్‌టైమ్ సంపాదన కలపకండి. ఎఫ్-1 వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. బయట గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బిచ్చే పనికి ఒప్పుకుంటే చదువుకునే హోదాకే ముప్పు. ఇంటికి భారం కాకూడదనుకునే పిల్లలే అలాంటి పనికి వెళ్తారు. ‘డబ్బు తక్కువైతే ముందు మాకు చెప్పు’ అన్న మాట బయల్దేరకముందే వాళ్ల చెవిన వేయండి.

5. వంట నేర్పడం ఆఖరి వారానికి వదలొద్దు. రెండు నెలల ముందు నుంచీ వారానికి రెండు రోజులు వంటిల్లు వాళ్లకి అప్పగించి మీరు హాల్లో కూర్చోండి. అన్నం, పప్పు, చారు, రెండు వేపుళ్లు, గుడ్డు కూర వస్తే బతికేస్తారు. కొలత గరిటెల్లో కాక అక్కడా దొరికే గ్లాసుల్లో, స్పూన్లలో చెప్పండి. ఇల్లు ఊడవడం, బాత్‌రూమ్ కడగడం కూడా నేర్పాలి, ముఖ్యంగా అబ్బాయిలకి. రూమ్మేట్లతో గొడవలు చాలావరకు సింకులో గిన్నెల దగ్గరే మొదలవుతాయి.

6. బియ్యం సర్దకండి. ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి సామాన్లలో బియ్యం, శనగలు తెచ్చుకోవడాన్ని అమెరికా నిషేధించింది. పచ్చి కరివేపాకు కూడా వద్దు. దాని మీద ఉండే చిన్న పురుగు అక్కడి నారింజ తోటలకు తెగులు మోసుకెళ్తుంది. కోడి పచ్చడి, మటన్ పచ్చడి పెట్టొద్దు. ఎండుకొబ్బరి చిప్పల్ని మన ఎయిర్‌పోర్టులోనే తీయించేస్తారు. వాటిలో నూనెకు మంట అంటుకుంటుందని వాళ్ల భయం. తీసుకెళ్లిన తినుబండారాలేవో కస్టమ్స్‌లో దాచకుండా చెప్పమనండి. చెప్పినదాన్ని మహా అయితే తీసి పారేస్తారు. దాచినదానికి జరిమానా వేస్తారు.

7. ఆవకాయ సీసాను నిండా నింపకుండా పైన కాస్త ఖాళీ వదిలి, మూతకి టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో వేయండి. అది ఉన్న పెట్టెను చెక్-ఇన్‌లోనే పంపాలి.

8. మిక్సీ, రైస్ కుక్కర్ వద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. లాప్‌టాప్, ఫోను చార్జర్ల మీద 100-240 అని ఉంటే చాలు, ప్లగ్ అడాప్టర్ ఒక్కటి కొనుక్కోవచ్చు. ప్రెషర్ కుక్కర్ తప్పకుండా పెట్టండి, అదనపు గాస్కెట్‌తో సహా. చలికోటు అక్కడే కొనుక్కోవాలి. ఆగస్టులో దిగేది ఎండలోకి.

9. పాస్‌పోర్టు, సంతకం చేసిన ఐ-20, సెవిస్ ఫీజు రసీదు, అడ్మిషన్ లెటరు, లోను కాగితాలు చేతిసంచీలోనే ఉండాలి. ఇమిగ్రేషన్ అధికారి దగ్గరికి వెళ్లేసరికి పెద్ద పెట్టెలు ఇంకా చేతికి రావు. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. పవర్ బ్యాంకు, రోజూ వేసుకునే మందులు, డాక్టరు చీటీ కూడా ఇందులోనే. ఒక జత బట్టలు వేయండి, పెట్టె ఆలస్యమైతే పనికొస్తాయి.

10. ఇండియా సిమ్ము రీచార్జ్ ఆపొద్దు. బ్యాంకు ఓటీపీలు, ఆధార్ దాని మీదే ఉంటాయి కాబట్టి వెళ్లేముందే రోమింగ్ పెట్టించండి. చదువుకి వెళ్లినవాళ్లనీ విదేశీ మారకం నియమాల ప్రకారం ఎన్నారైలుగానే చూస్తారు. పొదుపు ఖాతాని ఎన్‌ఆర్‌వోగా మార్చమని బ్యాంకులో అడగండి.

11. మాట్లాడే వేళ ముందే అనుకోండి. వేసవిలో మనకీ న్యూయార్క్‌కీ తొమ్మిదిన్నర గంటలు, డల్లాస్‌కి పదిన్నర, కాలిఫోర్నియాకి పన్నెండున్నర తేడా. నవంబరు నుంచి మార్చి దాకా ఇంకో గంట పెరుగుతుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లకైతే శనివారం ఉదయం తొమ్మిదిన్నర బాగుంటుంది, వేసవిలో మనకప్పుడు రాత్రి ఎనిమిది. మధ్యలో ఒక రోజు ఫోను ఎత్తకపోతే కంగారు పడి పదిసార్లు చేయకండి. రూమ్మేట్ నంబరు ఒకటి మీ దగ్గర రాసి ఉంచుకోండి.