బడిపిల్లల ప్రయోగశక్తిని పరీక్షించుట యెట్లు?

గోదావరికి వరద వచ్చినప్పుడు కాలువ నీరు ఎర్రబడును. ఆ నీటిని బిందెలో పట్టి పటిక త్రిప్పుట, చిల్లగింజ అరగదీసి కలుపుట మన పెద్దలు ఎరిగిన పనులే. ఈ రెండింటిలో ఏది మేలైనదని అడిగినచో ఇంటికొక సమాధానము వచ్చును. ఏ సమాధానము సరియైనదో స్వయముగా పరీక్షించి తేల్చుకొనగల శక్తి మన పిల్లలకు అలవడినదా, లేదా అనునదే విజ్ఞానశాస్త్ర బోధనకు గీటురాయి. ఈ శక్తిని ఉపాధ్యాయులు ఎట్లు అంచనా కట్టవలెనో, అందు పంచాయతీ సభ్యులు చేయదగిన సాయమేమో తెలిసికొందము.

వ్రాతపరీక్షకు అందని శక్తి

నీరు తేరుటకు కారణమేమని ప్రశ్నపత్రమున అడిగినచో, కంఠస్థము చేసిన బాలుడు చక్కగా వ్రాయగలడు. కాని అతనికి గాజుగ్లాసులు, పటిక ఇచ్చి పరీక్షించి చూపుమన్నచో ఏమి చేయునో ఆ పత్రము తెలుపజాలదు. ఈత వచ్చినదో లేదో కాలువలో దిగినప్పుడే గదా తెలియును!

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులైరి. పిమ్మట అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కెతో కలిసి శరీర ద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించిరి. వ్రాతపరీక్షలు అనవసరమని దీని భావము కాదు. ఒక్క పరీక్ష మనిషి శక్తినంతను కొలువజాలదని మాత్రమే గ్రహింపవలెను.

2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ పిల్లలు కృత్యముల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకొనవలెననియు, వారి అవగాహనను నిరంతరముగా, సమగ్రముగా మూల్యాంకనము చేయవలెననియు నిర్దేశించినది. 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళికా పరిధిపత్రము ననుసరించి వెలువడిన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములలో ప్రయోగములు, క్షేత్ర పరిశీలనలు ఒక ప్రత్యేక విద్యాప్రమాణముగా చోటు చేసికొన్నవి.

ఒక ప్రయోగము

పైన చెప్పిన నీటి సమస్యనే తీసికొందము. ఒకే బిందెలోని మురికినీటిని మూడు సమానమైన గ్లాసులలో సమముగా పోయవలెను. ఒకదానిలో పటిక, ఒకదానిలో చిల్లగింజ గంధము కలుపవలెను. మూడవదానిలో ఏమియు కలుపరాదు. ఈ మూడవ గ్లాసే పోలికకు ఆధారము. అది లేనిచో నీరు తనంతట తానే తేరినదో, మందు వలన తేరినదో చెప్పలేము. మూడింటిని ఒకే తీరున, ఒకే కాలము కలియబెట్టవలెను. గ్లాసు అడుగున కాగితముపై నల్లని గుర్తు ఉంచి, పైనుండి చూచినప్పుడు అది ఎప్పుడు కనబడునో పావుగంట కొకసారి నమోదు చేయవలెను.

బురదలోని సన్నని రేణువులు ఒకే విధమైన విద్యుదావేశము కలిగియుండుటచే ఒకదాని నొకటి తోసికొనుచు నీటిలో తేలియాడును. పటిక ఆ ఆవేశమును తగ్గించగా అవి గుంపులై అడుగునకు దిగును. అయితే తేరిన నీరు త్రాగదగిన నీరని భ్రమపడరాదు. కంటికి కానరాని రోగక్రిములు అందు మిగిలియుండవచ్చును. కాచియో, క్లోరిన్ కలిపియో వాడవలెను. ఈ జాగ్రత్తను పిల్లలు తమ నిర్ణయమున చేర్చిరా లేదా అనునది కూడ పరీక్షింపదగినదే.

మార్కులు వేయు విధము

ఉపాధ్యాయుడు ఐదు అంశములను గమనించి, ఒక్కొక్కదానికి రెండేసి మార్కులు వేయవచ్చును.

1. పరీక్షకు నిలుచునట్టి ప్రశ్న వేసెనా?
2. ఒక్క విషయమును మాత్రమే మార్చి, తక్కినవాటిని సమముగా ఉంచెనా?
3. జాగ్రత్తగా కొలిచి, మరల ఒకసారి చేసి చూచెనా?
4. చూచినది చూచినట్లు పట్టికలో వ్రాసెనా?
5. తన ఫలితములకు మించని నిర్ణయము చెప్పెనా?

నాలుగవ అంశము మిక్కిలి ముఖ్యమైనది. పటిక వేసిన నీరు తేరలేదనుకొందము. ఒక బాలిక దానిని చెరిపి, పుస్తకములో ఉన్నట్లు “తేరినది” అని వ్రాసినది. మరియొక బాలిక “తేరలేదు, పటిక ముక్క కరుగలేదేమో, పొడిచేసి మరల చూడవలెను” అని వ్రాసినది. మార్కు రెండవ బాలికకే చెందవలెను. మొదటి బాలికకు మార్కు వేసినచో మనమే అసత్యమును నేర్పినవార మగుదుము. ప్రయోగ పుస్తకమును ఒకరిని చూచి ఒకరు నింపినప్పుడు జరుగుచున్న నష్టము ఇదియే.

పిల్లలు జట్టుగా పనిచేసినను మార్కు ఎవరిది వారికే ఉండవలెను. “మూడవ గ్లాసు ఎందుకు?” అని ఒక్కొక్కరిని విడిగా అడిగినచో ఎవరు ఆలోచించిరో, ఎవరు ప్రక్కన నిలిచిరో తెలిసిపోవును.

నమ్మకము నిలుపుట

ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతికి కొంతకాలము 80 మార్కులు వ్రాతపరీక్షకు, 20 మార్కులు పాఠశాలలో జరుపు మూల్యాంకనమునకు ఉండెడివి. అడిగినవారికెల్ల ఇరువదికి ఇరువది వేయుచున్నారన్న విమర్శ తలెత్తినది. 2019లో ప్రభుత్వము ఆ 20 మార్కులను తొలగించినది. దీనినుండి నేర్వదగిన పాఠ మున్నది. ఎందుకు వేసితిమో చూపలేని మార్కును ఎవరును నమ్మరు. కావున ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే విద్యార్థి పనిని విడివిడిగా చూచి మార్కులు వేసి, తేడా వచ్చినచో చర్చించుకొనవలెను. పిల్లల పట్టికలను భద్రపరుపవలెను. మార్కు తగ్గిన కారణమును విద్యార్థికి చెప్పవలెను.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున తల్లిదండ్రులు, ఉపాధ్యాయులతో పాటు స్థానిక సంస్థల ప్రతినిధులకును స్థానము కలదు. మార్కులు వేయుట ఉపాధ్యాయుని పని. అందు మనము జోక్యము కలిగించుకొనరాదు. కాని బడిలో నీటి వసతి, ఒక గట్టి బల్ల, కొలత గ్లాసులు, త్రాసు, తాళమున్న బీరువా ఉన్నవా అని విచారించుట మన పని. ఉన్న సామగ్రి బీరువాలోనే దుమ్ము పట్టుచున్నదా అని అడుగుట కూడ మన పనియే.

సంఘ సమావేశమున “ఎందరు ఉత్తీర్ణులైరి?” అను ప్రశ్నతో పాటు “ఈ నెలలో పిల్లలు దేనిని పరీక్షించిరి? ఏమి కనుగొనిరి?” అను ప్రశ్న కూడ వేయుడు. ఊరి చెరువు నీరు, చేను మట్టి, విత్తనపు మొలక శాతము—ఇవన్నియు పిల్లలు పరీక్షింపదగిన విషయములే. వారి ఫలితములను గ్రామసభలో వారిచేతనే చదివించుడు. తాము వ్రాసిన అంకెను ఊరివారు వినుచున్నారని ఎరిగిన బాలుడు దానిని మరల ఒకసారి సరిచూచుకొనును.