లెక్కకు రాని సేవ

కొన్ని మతసంఘములలో నిల్లిల్లు తిరిగి బోధించుట సభ్యుల కెల్ల విధి. యెహోవా సాక్షుల సంఘమున 2023 అక్టోబరు వఱకును బ్రచారకులు తాము బోధలోఁ గడపిన గంటలను నెలనెలయు వ్రాసి యొప్పగింపవలసి యుండెను. నవంబరు మొదలుకొని సామాన్య ప్రచారకుల కా నియమమును దొలఁగించిరి, మెచ్చఁదగిన పనియే. గంటలు లెక్కించువాని దృష్టి, తలుపు తెఱచిన మనుష్యునిపై నిలుచుట కష్టము. లోపల నొకరు జ్వరముతో మూలుగుచున్నను, అతని చేయి ముందు కరపత్రమునే చాఁచును.

1881 డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. ఆ దినములలో వంటవారును నీళ్లవారును వెలికి వెఱచి మానిపోఁగా, రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు మోసి వండి పెట్టిరి. విద్యార్థులు తోడు నిలిచిరి. ఆ బిందెల లెక్క నడిగిన సంఘము లేదు. ఎదుటివారి యక్కఱ కంటఁబడుటయు, అది తీఱుట తోడనే తెలియుటయు నిట్టి సేవయందలి తృప్తికి మూలమని మా తలఁపు. ఉపాసన యనవసరమని మేమనుట లేదు. ఈశ్వరప్రీతికిని లోకహితమునకును బ్రాహ్మధర్మము భేదము గల్పింపదు.

సేవకుఁ జేరవచ్చిన యువకునిచే హాజరుపట్టిక వ్రాయించుటకంటె, ఏ యింట నేమి కొఱఁతయో ముందడిగి రమ్మని పంపుట మేలని మాకుఁ దోఁచుచున్నది.