ముందు కోటా, తర్వాతే కాలేజీ

ఇంటర్ పాసైన పిల్లలున్న అమలాపురం ఇళ్లలో మొదటి ప్రశ్న ‘ఏ కాలేజీ?’ అనే. నిజానికి ముందు చూడాల్సింది అలాట్‌మెంట్ ఆర్డర్‌లో కోటా ఏమిటన్నది. రాష్ట్రంలోని ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా 70 శాతం, యాజమాన్య కోటా 30 శాతం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో మొదలై, 2020లో జగనన్న విద్యాదీవెనగా పేరు మారిన ఫీజు రీయింబర్స్‌మెంటులో యాజమాన్య కోటాకు చోటు లేదు. విద్యాదీవెనకు కుటుంబ వార్షికాదాయ పరిమితి రూ.2.5 లక్షలుగా ఉండేది.

పేరున్న నగర కాలేజీలో డబ్బు కట్టి చేరితే ఉద్యోగం ఖాయమని కొందరి వాదన. కాలేజీ పేరు పనికొస్తుంది, కాదనలేం. కానీ అప్పు వాయిదాలకు ఆ పేరుతో పనిలేదు. 2024 నవంబరు 6న కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి రూ.8 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, రూ.10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. అదీ ఎంపికైన విద్యాసంస్థల్లోనే. యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడకు రోజూ బస్సులో వెళ్లి చదివితే హాస్టల్ ఖర్చైనా మిగులుతుంది.

తర్వాత మారవచ్చులే అనుకోవడమూ ప్రమాదమే. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ క్రెడిట్లను దాస్తుంది గానీ, కొత్త కాలేజీలో సీటు ఇప్పించదు.