పనిమీద వెళ్లినప్పుడు మరియొక దినము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 20:13-17, 21:1-16
ఇంట చదువుకొనుటకు: ఫిలేమోను 22, 2 థెస్సలొనీకయులకు 3:7-9



కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఉద్యోగపు పనిమీద సోలాపురము నుండి విజయవాడ వెళ్లితిమి. పని రెండు దినములలో ముగిసెను. తెనాలి దగ్గరి పల్లెలో మా మేనత్త ఉండెను. విజయవాడ నుండి తెనాలికి రైలులో గంట ప్రయాణము. అయినను, ఇప్పుడు సెలవు అడుగుట ఎందుకు, వేసవిలో పిల్లలతో తీరికగా వచ్చెదము అనుకొని ఆ రాత్రి బండికే తిరిగి వచ్చితిమి. నాలుగు నెలలకు ఆమె ప్రభువునందు నిద్రించినదని కబురు వచ్చెను. అప్పుడు అయిదు దినములు సెలవు పెట్టితిమి. ఆమె బ్రదికియుండగా ఒక దినము అడుగలేకపోయిన మేము, సమాధి కార్యక్రమమునకు అయిదు దినములు అడుగగలిగితిమి.

ఇది మా ఒక్కరి అనుభవము కాదని ఎరుగుదుము. పని ప్రయాణమును ఒక దినము పొడిగించి మనవారిని చూచి వచ్చుట సరియైనదేనా? ఎప్పుడు సరియైనది? పౌలు చివరిసారి యెరూషలేమునకు చేసిన ప్రయాణములో దీనికి జవాబు వెదకుదము.

1. అది పని ప్రయాణమే

పౌలు విహారమునకు బయలుదేరలేదు. మాసిదోనియ, అకయ సంఘములు యెరూషలేములోని బీదల కొరకు కూర్చిన చందా సొమ్ము చేర్చవలసియుండెను (రోమా 15:25-26). వీలైతే పెంతెకొస్తు దినమునకు అక్కడ ఉండవలెనని గడువు కూడ పెట్టుకొనెను. లూకా వెంట ఉండెను గనుక ఈ భాగమును ‘మేము’ అనియే వ్రాసెను.

2. సమయము లేనప్పుడు: మిలేతు

ఎఫెసులో పౌలు మూడు సంవత్సరములు పరిచర్య చేసెను. అక్కడ ఆయనకు ఎందరో ఆప్తులు. అయినను గడువు దగ్గరపడినందున ఆ పట్టణమునకు వెళ్లక, సుమారు 50 కిలోమీటర్ల దూరములోని మిలేతు నుండి కబురు పంపి సంఘపెద్దలను పిలిపించుకొనెను. పనిని ప్రక్కన పెట్టలేదు, మనుష్యులను మరువను లేదు. మన పెద్దలు ఈ పద్ధతి ఎరుగుదురు. ముందుగా ఉత్తరము వ్రాసిన యెడల, బండి ఆగిన పది నిమిషములలో పిన్ని క్యారియరుతో ప్లాట్‌ఫారము మీద నిలిచియుండెడిది. నేడు ఫోను ఉన్నది, ఆ కబురే పంపుట లేదు.

3. సమయము తానే దొరికినప్పుడు: తూరు

తూరులో ఓడ సరుకు దిగుమతి చేయవలసియుండెను. పౌలు అక్కడి శిష్యులను వెదకి కనుగొని ఏడు దినములు వారితో ఉండెను. వీడ్కోలు వేళ భార్యలు, పిల్లలతో సహా అందరును సముద్రతీరము వరకు సాగనంపి, మోకాళ్లూని ప్రార్థించిరి. మనకును ఇట్టి దినములు వచ్చును. సంతకము చేయవలసిన అధికారి సోమవారమునకు గాని రాడు. శిక్షణ శుక్రవారము ముగియును, రిజర్వేషను ఆదివారమునకు గాని దొరకదు. ఆ దినములను లాడ్జి గదిలో టీవీ ముందు గడుపుదుమా, లేక ఆ ఊరిలో మనవారు ఎవరున్నారని వెదకుదుమా?

4. వెళ్లుటకు కష్టమైన ఇల్లు: కైసరయ

తొలెమాయిలో పౌలు సహోదరులతో ఒక్క దినమే ఉండెను. ఒక దినము కూడ వ్యర్థము కాదు. కైసరయలో మాత్రము ఫిలిప్పు ఇంట అనేక దినములు ఉండెను. ఈ ఫిలిప్పు ఎవరు? స్తెఫనుతో కూడ ఏర్పరచబడిన ఏడుగురిలో ఒకడు. స్తెఫను మరణమునకు సమ్మతించినవాడు పౌలు. ఆ హింసవలననే ఫిలిప్పు యెరూషలేము విడిచి సమరయకు వెళ్లెను (అపొ. కా. 8:1-5). నాడు తరిమినవాడు నేడు అతిథి! వారేమి మాటలాడుకొనిరో లూకా వ్రాయలేదు. ఒకే కప్పు క్రింద ఉండిరని మాత్రము వ్రాసెను.

పొలము పంపకములో మాట పడి, పది సంవత్సరములుగా గడప త్రొక్కని అన్న ఇల్లు మనలో కొందరికి ఉండవచ్చును. దాని కొరకే ప్రత్యేకముగా బయలుదేరుట కష్టము. “పనిమీద వచ్చితిని, చూచి పోదామనుకొంటిని వదినా” అని తలుపు తట్టుట సుళువు.

5. నమ్మకముగా చేయవలసినవి

మొదట పని ముగించవలెను. ఒక దినపు పనిని రెండు దినములకు సాగదీయుట దొంగతనమే. అదనపు దినమునకు సెలవు అడిగి తీసికొనవలెను. ఆ దినపు బత్తెము, బస ఖర్చు ఆఫీసు బిల్లులో వ్రాయకూడదు.

రెండవది, వెళ్లు ఇంటికి ముందు తెలుపవలెను. పౌలు సహితము బస సిద్ధపరచుమని ఫిలేమోనుకు ముందుగా వ్రాసెను. ఎవరికిని భారము కాకుండవలెనని రాత్రింబగళ్లు పని చేసినవాడు ఆయనే. వృద్ధుల ఇంటికి పండ్లో మందులో తీసికొని పోవుదము.

మూడవది, మన ఇంటివారి సమ్మతి. పిల్లల భారము మరియొక దినము మోయునది ఇల్లాలే గదా.

ఒక ఉపయోగకరమైన సంగతి: 500 కిలోమీటర్లకు మించిన ఒకవైపు రైలు టికెట్టుపై, మొదటి 500 కిలోమీటర్లు దాటిన తరువాత, దారిలో రెండు దినములు ఆగుటకు రైల్వే నియమము వీలు కల్పించుచున్నది. సోలాపురము నుండి బరంపురము వెళ్లువారు విజయవాడలో దిగవచ్చును. రాజధాని, శతాబ్ది బండ్లకు ఇది వర్తించదు. రిజర్వేషను చేయించునప్పుడే ఆగు స్టేషను తెలుపుట, దిగిన చోట టికెట్టుపై వ్రాయించుకొనుట మరువకూడదు.

మన తాతలు ఊరు విడిచి వచ్చిరి గాని బంధుత్వము విడువలేదు. అది మన పిల్లల వరకు నిలుచుట ఇట్టి చిన్న దినముల మీదనే ఆధారపడియున్నది. తరువాతి ప్రయాణమునకు ముందు ఆ ఒక్క దినము అడుగుదము.

చర్చించుటకు ప్రశ్నలు
1. పౌలు ఎఫెసునకు ఎందుకు వెళ్లలేదు? బదులుగా ఏమి చేసెను?
2. మనము పనిమీద వెళ్లు ఊళ్లలో, చూడక విడిచిన ఇల్లు ఏది?
3. అదనపు దినపు ఖర్చు విషయములో మనము ఎక్కడ తప్పిపోవుచున్నాము?