ఘాట్ రోడ్డులో కోపం, ఏడో మైలు ఆంజనేయుడు

సుందరకాండ వీడియోలో లంకాదహనం దగ్గర త్వరగా దాటేసిన ఒక విషయం ఇక్కడ చెబుతాను. అది నాకు అర్థమైంది పారాయణంలో కాదు, తిరుమల నుంచి దిగే ఆర్టీసీ బస్సులో.

మనం కిందికి దిగే దారి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. ఆ రోజు నాకు డ్రైవరు వెనక సీటు దొరికింది. ఒక మలుపులో కారొకటి అడ్డంగా దూరింది, బస్సుకు గట్టి బ్రేకు పడింది. వెనక నుంచి ఒకాయన లేచి, రైలు టైమైపోతోందని డ్రైవర్నే నోటికొచ్చినట్టు తిట్టాడు. (దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధనే ఉంది, పాపం ఆయనకు తెలియదేమో.) డ్రైవరు మెడ మీద నరం ఉబ్బడం నాకు కనిపించింది. మాట మాత్రం రాలేదు. పైన అద్దంలోకి ఒకసారి చూసి, గేరు తగ్గించాడు.

తిరుపతి బస్టాండులో దిగాక టీ కొట్టు దగ్గర కనిపిస్తే అడిగాను. "అన్నా, కోపం రాలేదా?"

"రాకుండా యాడికి పోతాది సామీ! వచ్చినప్పుడు అద్దంలో ఎనకాల జనాన్ని చూస్తా. బిడ్డనెత్తుకున్న తల్లి ఒకామె కనిపిస్తే చాలు. కొండ మింద కోపం తెచ్చుకుంటే కాలు ఊరికే బ్రేకు మింద పడతాది. బ్రేకు కాగితే పట్టదు."

ఏడో మైలు ఆంజనేయస్వామికి మనం బస్సులోంచే దండం పెడతాం కదా, ఆయనకూ ఇదే అనుభవం. లంకను కాల్చి, తోక సముద్రంలో ఆర్పుకుని, వెనక్కి తిరిగి చూశాక గుండె జారిపోయింది. ఆ మంటల్లో సీతమ్మ కూడా ఉందేమో! ఎవరి కోసం సముద్రం దాటాడో ఆ తల్లినే కోపంలో మరిచిపోయాడు. అమ్మ క్షేమమని ఆకాశంలో చారణుల మాటలు వినేదాకా తన కోపాన్ని తానే నిందించుకున్నాడు. కోపం వల్ల మోహం, మోహం వల్ల జ్ఞాపకం చెదరడం అని గీత రెండో అధ్యాయం చెప్పిన వరస ఇదే.

కరెంటు స్తంభమెక్కే లైన్‌మన్‌కో, రాత్రి క్యాజువాలిటీలో నర్సుకో "కోపం తగ్గించుకో" అని చెప్పడం తేలిక. ఆ సలహా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నిద్ర లేని డ్యూటీలకు విశ్రాంతే మందు, అది పై అధికారులు ఇవ్వాల్సింది. కానీ కోపం పొంగిన ఆ ఒక్క క్షణంలో చూసుకోవడానికి ఒక అద్దం కావాలి. లైన్‌మన్‌కు అది కింద నిచ్చెన పట్టుకున్న తోటివాడి ముఖం కావచ్చు.

తిట్టినాయనకు కింద దిగాకైనా బదులు చెప్పావా అని కూడా అడిగాను. నవ్వాడు.

"యాడ సామీ, ఆయన రైలుకు పరిగెత్తినాడు."

టీ గ్లాసు పెట్టేసి, మళ్ళీ కొండకు బండి తీశాడు.